ఉన్న ఊరు, ఓటున్న ఊరు

2024 మే 13న ఆంధ్రప్రదేశ్‌లో అసెంబ్లీకీ లోక్‌సభకూ ఒకేసారి పోలింగ్ జరిగింది. తెనాలి ఓటర్ల జాబితాలో నా పేరుంది, నేను మాత్రం డబ్లిన్‌లో ఎమ్మెస్సీ చదువుతున్నాను. “హైదరాబాద్ బస్సులన్నీ సంక్రాంతికి వచ్చినట్టు కిక్కిరిసి వచ్చాయమ్మా. మన వీధి పిల్లలు అమెరికా నుంచి కూడా దిగారు. నువ్వే లేవు” అన్నారు నాన్న ఫోన్‌లో. నెల తిరక్కుండానే, జూన్ 7న, ఐర్లండ్‌లో స్థానిక ఎన్నికలొచ్చాయి. డబ్లిన్ సిటీ కౌన్సిల్‌కు నేను ఓటేశాను. పుట్టి పెరిగిన ఊళ్లో లెక్కకు రాని నా మాట, వచ్చి ఏడాదైనా నిండని ఊళ్లో లెక్కకొచ్చింది. అప్పటి నుంచి ఒక ప్రశ్న నన్ను వదలడం లేదు. ఒక చోట మాట్లాడే హక్కు మనిషికి ఎక్కడి నుంచి వస్తుంది? అక్కడ పుట్టినందుకా, అక్కడ బతుకుతున్నందుకా?

చట్టం సంగతి ముందు చెప్పుకోవాలి. విదేశాల్లో ఉంటున్న మన పౌరులకు ఓటు హక్కు కల్పిస్తూ 2010లో ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని సవరించారు. అయితే పోలింగ్ రోజున స్వయంగా వచ్చి, పాస్‌పోర్టు చూపించి వేస్తేనే ఆ ఓటు. అంటే విమానం టికెట్ కొనగలిగినవాళ్ల ఓటు. ఐర్లండ్‌లో పార్లమెంటుకు ఓటేయాలంటే పౌరసత్వం చూస్తారు గానీ స్థానిక ఎన్నికలకు దాంతో పనిలేదు. పద్దెనిమిదేళ్లు నిండి, ఆ ఊళ్లో కాపురముంటే చాలు. చదువుకోవడానికి వచ్చినా, తలదాచుకోవడానికి వచ్చినా ఓటుంటుంది, నిలబడొచ్చు కూడా. 2000లో నైజీరియా నుంచి ఆశ్రయం కోరి వచ్చిన రోటిమీ అడెబారి, 2004లో పోర్ట్‌లీష్ పట్టణ కౌన్సిల్‌కు ఎన్నికై, 2007లో ఆ ఊరికి మేయర్ అయ్యారు.

ఓటర్ల జాబితాలో ఒక్కో పేరు పక్కన ఒక్కో అక్షరం ఉంటుంది, ఎవరు ఏ ఎన్నికల్లో వేయొచ్చో తెలియడానికి. నా పేరు పక్కన ‘ఎల్’ ఉంది, స్థానిక ఎన్నికలకు మాత్రమే అని. ఆ రోజే యూరోపియన్ పార్లమెంటు ఎన్నికలు కూడా కావడంతో, ప్రైమరీ స్కూల్లో పెట్టిన మా పోలింగ్ కేంద్రంలో నా ముందున్న పెద్దాయనకు రెండు బ్యాలెట్లిచ్చారు, నాకు ఒకటిచ్చారు. వేలికి సిరా లేదు. గోడల నిండా పిల్లలు వేసిన బొమ్మలు. చెక్క అరలో తాడుకు కట్టిన పెన్సిల్. బ్యాలెట్ మీద అభ్యర్థుల పేరు, ఫొటో, వృత్తి, చిరునామా ఉన్నాయి. అక్కడ ఒకరికి ముద్ర వేసి వదిలేయరు, ఇష్టాన్ని బట్టి 1, 2, 3 అని వరసగా అంకెలు వేస్తారు. మొదటి మనిషిని గెలిచే అవకాశం లేదని లెక్కింపులో పోటీ నుంచి తప్పిస్తే ఆ ఓటు రెండో మనిషికి బదిలీ అవుతుంది. నేను అంకెలు వేస్తూ కిందికి దిగుతుంటే ఒక ఫొటో దగ్గర చేయి ఆగిపోయింది. బయటి నుంచి వచ్చినవాళ్లను పంపించేయాలని మా వీధి స్తంభాలకు పోస్టర్లు కట్టించిన మనిషి. నన్ను వెళ్లిపొమ్మంటున్నవాడి పేరూ, వద్దనే నా అధికారమూ ఒకే కాగితం మీద ఉన్నాయి.

అంతకుముందు నవంబరులో, అంటే 2023 నవంబరు 23న, ఆ నగరం నా కళ్లముందే తగలబడింది. మధ్యాహ్నం పార్నెల్ స్క్వేర్‌లో ఒక బడి బయట పసిపిల్లల మీద కత్తిదాడి జరిగింది. డెలివరీ పని చేసుకునే బ్రెజిల్ మనిషి, కాయో బెనిసియో, బండి ఆపి తన హెల్మెట్‌తో కొట్టి ఆ దుండగుణ్ణి పడగొట్టాడు. దాడి చేసినవాడు పరదేశి అన్న మాట మాత్రం ఫోన్ల మీద ఊరంతా పాకింది. చీకటి పడేసరికి ఓకానెల్ స్ట్రీట్‌లో బస్సులు, ఒక ట్రామ్ మండుతున్నాయి, షాపుల అద్దాలు పగులుతున్నాయి. పిల్లల్ని కాపాడినవాడూ వలసవాడే. ఒకడి నేరం వలసవాళ్లందరి నెత్తినా పడింది, ఇంకొకడి సాహసం మాత్రం అతని ఒక్కడిదిగా మిగిలింది. ఇలా ఎందుకు జరుగుతుంది? చెడ్డను జాతికీ, మంచిని మనిషికీ రాసే ఈ అలవాటు ఐర్లండ్‌లోనే పుట్టింది కాదు. మన దగ్గర కులానికీ మతానికీ సంబంధించిన ఏ వార్తలో చూసినా ఇదే పద్దు.

ఆ సాయంత్రం నేను పనిచేసే షాపు షట్టర్ తొందరగా దించేశారు. బస్సుల్లేవు, ట్రాములు ఆగిపోయాయి. నాతో పాటు కౌంటర్లో ఉండే ఆవిడ, అరవైకి దగ్గరపడిన డబ్లిన్ మనిషి, “ఒక్కదానివీ వద్దు” అని కోటు వేసుకుని నాతో బయల్దేరింది. తలకు టోపీ లాగి, నా చున్నీని తన స్కార్ఫ్ కింద దోపింది. మంటల వైపు కాకుండా వెనక సందుల్లోంచి నడిపించి, మా ఇంటి తలుపు తీసేదాకా నిలబడి, మళ్లీ ఆ దారినే వెళ్లింది. తెల్లవారి టీ తాగేటప్పుడు ఆవిడే అన్నది: “చేసింది తప్పే. కానీ మరీ ఎక్కువమంది వచ్చేస్తున్నారు కదా. మా అబ్బాయికి ఈ ఊళ్లో ఇల్లు దొరక్క ఆస్ట్రేలియా పోయాడు. వాడు పుట్టిన వీధిలో వాడికి గది లేదు.”

ఆ మాట విన్నప్పుడు నాకు కోపం రాలేదు. అందులో అబద్ధం లేదు. డబ్లిన్‌లో అద్దె గది కోసం నేనూ కాళ్లరిగేలా తిరిగాను. ఒక గదిలో ఇద్దరం, వంటిల్లు ఇంకో నలుగురితో ఉమ్మడి. చదువు రోజుల్లో వారానికి ఇరవై గంటలకు మించి పనిచేయకూడదన్నది వీసా షరతు, ఆ గంటల సంపాదనలో చాలావరకు అద్దెకే పోయేది. ఇళ్లు కట్టకపోవడం, కట్టినవి పెద్ద కంపెనీలు కొనేయడం, ప్రభుత్వ గృహాలు ఏళ్ల తరబడి చాలినన్ని రాకపోవడం, ఇవన్నీ నేను రాకముందు నుంచీ ఉన్నవే. ఆవిడ కొడుకు వెళ్లిపోవడానికి నేను కారణం కాను. అయినా ఆవిడకు కనిపించే మనిషిని నేను. కారణాలు ఎప్పుడూ కనబడవు, పక్కింట్లో దిగిన కొత్త ముఖం కనబడుతుంది. తన కొడుకు ఆస్ట్రేలియాలో ఎవరి కళ్లకో ఇలాగే కనబడుతుంటాడన్నది ఆవిడకు తోచలేదు, ఆ రోజు నేనూ అనలేకపోయాను. రాత్రి నన్ను ఇంటికి చేర్చిన చేయీ, పొద్దున ఆ మాట అన్న నోరూ ఒకే మనిషివి. రాజకీయమంటే సిద్ధాంతాల పోరు అని చదువుకున్నాను. నాకు మేలుకొలుపు ఆ టీ గదిలో జరిగింది. ఒకే మనిషిలో ఉన్న ఈ ఇద్దరిలో ఎవర్ని పిలిస్తే వాళ్లు పలుకుతారు. పోస్టర్లు కట్టించినవాడు ఒకరిని పిలుస్తున్నాడు. రెండోవాళ్లను పిలుస్తున్నది ఎవరు?

మా తెలుగు పిల్లలు ఉప్పూ పప్పూ కొనుక్కోవడానికి మూర్ స్ట్రీట్‌కు పోతుంటారు. పాతకాలపు పళ్ల బళ్లు, వాటి వెనకే ఆసియా, ఆఫ్రికా సరుకులమ్మే చిన్న దుకాణాలు. బ్రిటిష్ పాలన మీద లేచిన 1916 ఈస్టర్ తిరుగుబాటు అదే వీధిలో ముగిసింది. తాము పట్టుకున్న పోస్టాఫీసు తగలబడుతుంటే తిరుగుబాటుదార్లు ఇళ్ల గోడలకు కన్నాలు పెట్టుకుంటూ ఇంటి నుంచి ఇంటికి పాకి, 16వ నంబరు ఇంట్లో చివరిసారి కూర్చుని లొంగిపోదామని నిర్ణయించుకున్నారు. వీధిలో మామూలు జనం తూటాలకు పడిపోవడం చూశాక ఇక చాలనుకున్నారు. ఆ నిర్ణయం నాకు తిరుగుబాటు కన్నా పెద్దదిగా కనిపిస్తుంది. పంతం కన్నా వీధిలో పోయేవాడి ప్రాణం ఎక్కువని ఓటమి ముంగిట కూడా గుర్తుంచుకోవడం తేలిక కాదు.

తిరుగుబాటు జరిగిన ఆ ఏప్రిల్లో డబ్లిన్‌లో మనవాళ్లున్నారు. బరంపురం నుంచి 1913లో లా చదవడానికి వెళ్లిన వి.వి. గిరికి యూనివర్సిటీ కాలేజీలో ఇంగ్లిషు పాఠం చెప్పిన థామస్ మెక్‌డొనా తిరుగుబాటు ప్రకటన మీద సంతకం పెట్టిన ఏడుగురిలో ఒకరు. 1916 మే 3న ఆయన్ని కాల్చి చంపారు. పాఠం చెప్పిన గురువుకు ఏం జరిగిందో చూసిన ఆ ఇరవై ఒక్క ఏళ్ల కుర్రాణ్ణి కూడా పోలీసులు అనుమానించారు, ఆ వేసవిలోనే దేశం వదలమని నోటీసిచ్చారు. తిరిగొచ్చిన గిరి రైల్వే కార్మికుల్ని కూడగట్టారు, ఎన్నో ఏళ్ల తర్వాత 1969లో రాష్ట్రపతి అయ్యారు. అదే కాలంలో బారిస్టరు చదువుకు డబ్లిన్ వెళ్లిన మరో తెలుగు మనిషి త్రిపురనేని రామస్వామి, మా తెనాలివాళ్ల కవిరాజు. 1914లో వెళ్లి 1917లో వచ్చారు. పరాయి పాలన సంగతి ఒక్కటే మాట్లాడి ఆయన ఆగిపోలేదు. ‘శంబుక వధ’ రాసి, మనవాళ్లే మనవాళ్లను తపస్సు చేసినందుకు చంపిన కథను నిలదీశారు. పెళ్లి మంత్రాలు పెళ్లిచేసుకునేవాళ్లకు అర్థం కావాలని తెలుగులో ‘వివాహ విధి’ రాశారు. తెనాలి మున్సిపల్ ఛైర్మన్‌గా ఉండి గంగానమ్మకు జంతుబలి మాన్పించారు.

చిన్నప్పటి నుంచి విన్న పేరే అయినా, ఆ మూడో పని విలువ నాకు డబ్లిన్ బ్యాలెట్ చేతిలోకి వచ్చాకే తెలిసింది. దేశాన్ని గురించి ఉపన్యసించడం కన్నా మున్సిపాలిటీలో ఒక తీర్మానం నెగ్గించడం కష్టం. దేశం దూరంగా ఉంటుంది, మున్సిపాలిటీలో ఎదురు పడేది మన వీధివాళ్లు, మన చుట్టాలు.

పరాయి దేశంలో చదువుకోవడానికి వెళ్లినవాళ్లకు రాజకీయం తెలియడం కొత్తేమీ కాదు. కనిగిరి నుంచి అమెరికా వెళ్లి గదర్ పార్టీలో చేరి, జైళ్ల పాలైన దరిశి చెంచయ్య ‘నేనూ నా దేశం’ అని తన కథ రాసుకున్నారు. అయితే ఆ తరం వాళ్లకు ఒక వెసులుబాటు ఉంది. వాళ్లు బానిస దేశం నుంచి వెళ్లారు, కాబట్టి అన్యాయం చేసేవాడు ఎవడో వాళ్లకు ముందే తెలుసు. మేం స్వతంత్ర దేశం నుంచి అప్పు చేసి వెళ్తున్నాం. మమ్మల్ని ఎవరూ తరమలేదు, ఉండమని బతిమాలనూ లేదు. మాకు అన్యాయమన్నది ఏ ముఖంతో కనబడుతుంది?

ఒక ముఖం నాకు చాలాకాలం కిందే టీవీలో కనబడింది, నేను స్కూల్లో ఉన్నప్పుడు. సవితా హలప్పనవర్. బెళగావి అమ్మాయి, దంతవైద్యురాలు, ముప్పై ఒక్క ఏళ్లు. 2012 అక్టోబరులో ఐర్లండ్‌లోని గాల్వేలో పదిహేడు వారాల గర్భంతో ఆస్పత్రిలో చేరింది. గర్భం నిలవదని తేలిపోయింది. తీసేయమని అడిగింది. పిండం గుండె కొట్టుకుంటున్నంతసేపూ కుదరదన్నారు. ఇది కాథలిక్ దేశం అన్న మాట తాను అన్నది నిజమేనని అక్కడి మంత్రసాని ఒకరు తర్వాతి విచారణలో ఒప్పుకుంది. అక్టోబరు 28న సెప్సిస్‌తో సవిత చనిపోయింది. తల్లికీ పిండానికీ సమానమైన ప్రాణహక్కు ఇస్తూ 1983లో రాజ్యాంగంలో చేర్చిన ఎనిమిదో సవరణ నీడలో జరిగిన చావు అది.

2018 మే 25న ఆ సవరణను 66.4 శాతం ఓట్లతో తీసేశారు. ఆ గెలుపు వెనక ఐరిష్ స్త్రీలు ముప్పై అయిదేళ్లు చేసిన పోరాటం ఉంది, దాన్ని ఒక్క పేరుకు కట్టబెట్టడం న్యాయం కాదు. అయినా ఆ రోజుల్లో డబ్లిన్‌లో ఒక గోడ మీద సవిత ముఖం గీస్తే, ఓటేసి వచ్చినవాళ్లు ఆ ముఖం చుట్టూ చిన్న చిన్న కాగితాలు అంటించారు. చాలావాటి మీద క్షమించమని ఉంది. ఐర్లండ్ కూడా మనలాగే, వెళ్లిపోయినవాళ్లకు పోస్టులో ఓటు పంపదు. అందుకని లండన్ నుంచి, ఇంకా దూరాల నుంచి విమానాల్లో, ఓడల్లో ఆడపిల్లలు ఓటేయడానికి ఇంటికొచ్చారు. మా బస్సుల సంగతి నాన్న చెప్పినప్పుడు నాకు గుర్తొచ్చింది వాళ్లే.

సవితకు ఆ ఓటు ఉండేది కాదు. రాజ్యాంగాన్ని మార్చే ఓటు పౌరులకే. కానీ ఆ రాజ్యాంగం కింద చావడానికి మాత్రం పౌరసత్వం అడగలేదు. నా మొదటి ప్రశ్నకు ఇంతకన్నా సూటి జవాబు నాకు ఇప్పటిదాకా దొరకలేదు. ఒక చట్టం నీ ఒంటి మీద పనిచేస్తున్నప్పుడు, ఆ చట్టం గురించి మాట్లాడే హక్కు నీకు లేదనడం ఎలా న్యాయం?

దీనికి ఎదురు వాదన ఉంది, దాన్ని తేలిగ్గా తీసేయను. నేడు వచ్చి రేపు పోయేవాళ్లు తాము అనుభవించబోని భవిష్యత్తును ఎలా నిర్ణయిస్తారు? చదువైపోగానే ఉద్యోగం ఎక్కడుంటే అక్కడికి పోతాను కదా, నా ఓటు మోసే బరువంతా ఆ ఊరివాళ్లదే కదా? నిజమే. అందుకే స్థానిక ఎన్నికల దగ్గర గీత గీసిన ఐర్లండ్ పద్ధతిలో నాకు ఒక వివేకం కనిపిస్తుంది. కౌన్సిల్ చేతిలో ఉండేవి లైబ్రరీ, పార్కు, కాలిబాట, వీధి దీపం, పేదల ఇళ్లు. మా గది వెచ్చబెట్టుకోలేక నేను చలికాలమంతా చదువుకున్నది కౌన్సిల్ లైబ్రరీలో. అక్కడ ఎవరూ నన్ను పాస్‌పోర్టు అడగలేదు. ఆ లైబ్రరీ ఎన్నింటికి మూయాలో చెప్పే హక్కు, అందులో కూర్చునేదానిగా, నాకుందనే అనుకుంటాను.

మరి మనవాళ్లు ఆ హక్కును ఏం చేసుకున్నారు? మేలో మా ఉమ్మడి వంటింట్లో ఆంధ్ర ఎన్నికల మీద అర్ధరాత్రి దాకా వాదనలు. ఒక్కరికీ ఓటేసే వీలు లేదు, అయినా ఏ సీటు ఎవరిదో, ఏ కులం ఎటు వేస్తుందో అందరికీ లెక్కలున్నాయి. ఒకరిద్దరు మాట్లాడుకోవడం మానేశారు కూడా. ఓటున్న జూన్ ఎన్నికల మాటెత్తితే, “మనకెందుకే ఈ గొడవ, ఏదన్నా జరిగితే వీసాకి ఇబ్బంది” అన్నారు. ఆ భయాన్ని నేను చిన్నచూపు చూడలేను. ఇంటి మీద అప్పు తెచ్చి పంపిన తండ్రి గుర్తొస్తే ఎవరికైనా నోరు పెగలదు. కానీ ఓటు చెల్లే ఊళ్లో మూగగా ఉండి, చెల్లని ఊళ్లో అరవడంలో మరొకటి కూడా ఉంది. కులాన్ని గురించి వాదించేటప్పుడు మనం ఎవరమో మనకు స్పష్టంగా తెలుస్తుంది. డబ్లిన్ వీధిలో మనం ఎవరమో తెలియాలంటే పక్కనున్న బ్రెజిల్‌వాడితో, నైజీరియావాడితో, ఇల్లు దొరకని ఐరిష్ పిల్లాడితో కలిసి కూర్చోవాలి. ఆ ఏడాది మే నెలలో మౌంట్ స్ట్రీట్‌లో శరణార్థుల గుడారాలు పీకేస్తే, వాళ్లు గ్రాండ్ కెనాల్ గట్టుకు చేరారు, అక్కడి నుంచీ పంపించి కంచెలు కట్టారు. మా వంటింట్లో ఆ సంగతి ఒక్కసారి కూడా చర్చకు రాలేదు. వాళ్లు వేరు, మనం ఫీజు కట్టి వచ్చినవాళ్లం అన్న మాట మాత్రం వినబడింది. ఓకానెల్ స్ట్రీట్‌లో అద్దాలు పగలగొట్టినవాళ్లకు ఆ తేడా తెలుస్తుందా?

జూన్ ఓట్ల లెక్కింపులో పోస్టర్ల బాపతువాళ్లు ఎక్కువమంది ఓడారు, కొందరు డబ్లిన్ కౌన్సిల్లో గెలిచారు కూడా. షాపులో ఆవిడ ఎవరికి వేసిందో నేను అడగలేదు.

ఇప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ నారాయణపేట వైపు మనిషి. పెళ్లయిన కొత్తలో వచ్చి, ఈ సెల్లార్ గదిలోనే ఇద్దరు పిల్లల్ని పెంచాడు. మన చట్టం ప్రకారం మామూలుగా ఎక్కడ నివసిస్తే అక్కడే ఓటుండాలి. అతని ఓటు ఇంకా ఊళ్లోనే ఉంది. నీళ్ల ట్యాంకర్ రాకపోయినా, నాలా పొంగి సెల్లార్ మునిగినా ముందు తడిసేది అతని ఇల్లు. ఇక్కడికి మార్పించుకో, నేను ఫారం నింపుతానన్నాను.

“ఈడ పెట్టుకుంటే ఆడ పేరు తీసేస్తరు గద మేడం. ఊర్ల ఓటు లేకుంటే నన్నెవరు పలకరిస్తరు? సర్పంచ్ ఎలక్షన్లప్పుడే గద మా తమ్ముళ్లు ఫోన్ చేసి రమ్మనేది. ఈడ ఇన్నేండ్లున్నా నన్ను వాచ్‌మన్ అంటరు. ఆడ పేరు పెట్టి పిలుస్తరు.”

నేను డబ్లిన్‌లో కట్టుకొచ్చిన వాదనంతా అతని ముందు అరకొరగా నిలబడింది. బతికే చోటే మాట ఉండాలన్నాను. పేరు పెట్టి పిలిచే చోట ఉండాలంటున్నాడు అతను. నాన్న ఆ రోజు ఫోన్‌లో నువ్వే లేవన్నది కూడా ఇదేనేమో. రెండూ ఒకచోటే ఉన్నవాడికి ఈ ప్రశ్నే లేదు. ఊరు వదిలి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాడు మాత్రం ఈ రెంటిలో ఒకటి వదులుకోవాలా? వదులుకోమని చెప్పడానికి నేనెవర్ని?

అతని కూతురు ఇంటర్ అయిపోయి డిగ్రీలో చేరింది, ఈ మధ్యే పద్దెనిమిది నిండాయి. మా మాటలు వింటూ నిలబడి, “నాది ఈడనే పెట్టియ్యి అక్కా. నాకు ఆ ఊర్ల ఎవ్వరు తెల్వదు” అన్నది. తండ్రి ఏమీ అనలేదు. ఆ రాత్రే ఇద్దరం కూర్చుని ఫారం 6 నింపాం. ఫ్లాట్ నంబర్ అడిగిన చోట వాచ్‌మన్ గది, సెల్లార్ అని రాయించాను. చిరునామా రుజువుకు కరెంటు బిల్లు వాళ్ల పేరున లేదు, అద్దె పత్రం లేదు. అసోసియేషన్ వాళ్లు ఉత్తరమిస్తే పని సులువవుతుంది. ఆదివారం మీటింగ్ ఉంది, అడుగుతాను.